నిద్రకు పిలవని ఇల్లు

రుక్మాబాయి గడప దాటనంది.

పొద్దున పదింటికి ధర్మాబాద్ ప్యాసింజరు దిగి, నాందేడ్ స్టేషన్ నుంచి ఆటోలో సూటిగా చెల్లెలి ఇంటికి వచ్చి, వరండా మెట్టు మీద కూర్చుంది. ఇప్పుడు పన్నెండు దాటింది. సుమన తెచ్చిపెట్టిన నీళ్ళ చెంబు ఆమె పక్కనే ఉంది. దాని మూత కూడా తీయలేదు.

"లోపలికి రా అక్కా. ఎండ మొఖం మీదికి అస్తున్నది."

"రానీ."

"వాడకట్టోళ్ళు చూస్తున్రు."

"చూడనీ. నేనేమన్న దొంగతనానికి అచ్చిన్నా?"

రుక్మాబాయి కూతురు ప్రాచి కాలేజీ పిల్ల. తల్లి వెనకాల గోడకు ఆనుకుని, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి పట్టుకుని నిలబడి ఉంది. తల్లి కూర్చోమనలేదు, పిన్ని కూర్చోమంటే వినలేదు.

"ఇంత చాయన్న తాగు," అంది సుమన.

"నిద్ర చెయ్యని ఇంట్ల చాయ్ తాగుతరా ఎవరన్న?"

అంతే. ఆ మాట రానే వచ్చింది. పొద్దుటి నుంచి సుమన దేనికి భయపడుతోందో అదే వచ్చింది.

రుక్మాబాయి భర్త మారోతి పోయి ఐదు నెలలు. మొగుడు పోయిన ఆడదాన్ని, దినవారాలు కాగానే, పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకుపోయి ఒక రాత్రి తమ ఇంట్లో నిద్ర చేయించాలి. వాళ్ళలో అది ఆచారం. ఆ ఒక్క రాత్రి అయ్యేదాకా ఆమె ఇంకొకరి గడప తొక్కకూడదు. తల్లి లేదు, తండ్రి రాజన్న లేడు, అన్నదమ్ములు మొదలే లేరు. రుక్మాబాయికి పుట్టిల్లంటే నాందేడ్ శ్రీనగర్‌లోని ఈ రెండంతస్తుల ఇల్లే. ఇక్కణ్ణుంచి ఎవరూ పోలేదు.

ఐదు నెలలుగా ఆమె పక్కింటికి కూడా పోకుండా ఇంట్లోనే ఉండిపోయింది. పుట్టింటివాళ్ళు రాలేదేమని అడిగినవాళ్ళకు ఏం చెప్పుకుందో ఆమెకే తెలియాలి.

సుమన పోదామనే అనుకుంది. చీర కూడా కొనిపెట్టింది. భర్త నందకిషోర్ వద్దన్నాడు. "మీ బావ బీమా క్లెయిమ్ మా కంపెనీల నడుస్తున్నది. క్లెయిమ్ పార్టీని నా ఇంట్ల పండబెట్టుకుంటే రేపు నన్నే అడుగుతరు. ఫైలు సాఫ్ కానీ, తర్వాత నేనే కారు పంపిస్త," అన్నాడు. సుమన తలూపింది. భర్త ఉద్యోగం సంగతి వస్తే తలూపడం ఆమెకు ఇరవై రెండేళ్ళ అలవాటు.

ఆ ఉద్యోగం ఆ ఇంట్లో ఒక పెద్దమనిషి. ముందు దానికి వడ్డించాకే మిగతావాళ్ళు తినాలి. సహకార బ్యాంకులో గుమస్తాగా మొదలై, ముద్ఖేడ్ శాఖకు మేనేజరై, ప్రైవేటు బీమా కంపెనీలు వచ్చిన ఏడాదే బ్యాంకు వదిలి కొత్త కంపెనీలోకి దూకి, నాలుగేళ్ళకే మరాఠ్వాడా మొత్తానికి రీజనల్ మేనేజరయ్యాడు నందకిషోర్. వచ్చే సోమవారం నుంచి పుణెలో జోనల్ హెడ్డు. ఆ కుర్చీ ఇచ్చే శంకర్రావు సాహెబ్ ఇవాళే నాందేడ్ వచ్చాడు. గురుద్వారా చూసుకుని నాలుగింటికి ఈ ఇంటికి చాయ్‌కి వస్తాడు.

అలాంటి రోజున రుక్మాబాయి మెట్టు మీద కూర్చుంది.

"అక్కా, నాది తప్పే. ఇయ్యాల్నే నిద్ర చెయ్యి. నేనే అచ్చి తీసుకచ్చిన అనుకో."

రుక్మాబాయి చెల్లెలి ముఖంలోకి చూసింది. "నేను నిద్రకు రాలేదు. ఒక్క మాట అడగనీకే అచ్చిన. ప్రాచీ, ఆ కాయితం తియ్యి."

ప్రాచి సంచిలోంచి రెండు కాగితాలు తీసింది. మొదటిది కంపెనీ ఉత్తరం. క్లెయిమ్ తిరస్కరించారని సుమనకు అప్పుడే తెలిసింది. ఫైలు ఇంకా నడుస్తోందని నిన్న రాత్రి అన్నం తింటూ కూడా నందకిషోర్ చెప్పాడు.

"ఇంగ్లీషుల ఉన్నది చిన్నమ్మా. అర్థం చెప్తా," అని ప్రాచి ఉత్తరం చూస్తూ, పాఠం అప్పజెప్పే గొంతుతో మొదలుపెట్టింది. "పాలసీ తీసుకునే ముందే బాపుకు గుండెకు ఆపరేషన్ అయిందట. ఆ సంగతి మోసం చేసే ఉద్దేశంతోని దాచిపెట్టిండట. అందుకని క్లెయిమ్ చెల్లదట."

"ఇగ రెండోది చదువు," అంది రుక్మాబాయి.

రెండోది ఒక జిరాక్సు. మరాఠీలో ఉంది. ధర్మాబాద్ ఆఫీసులో గుమస్తా జాలిపడి ప్రాచికి ఇచ్చాడట. ప్రాచి చదవలేదు, పిన్ని చేతికిచ్చింది.

సుమన చదివింది. అది ఏజెంటు రాసిచ్చిన వాంగ్మూలం. "బీమాదారు మారోతికి గుండెజబ్బు ఉన్నట్టు నాకు తెలియదు. బీమాదారూ, ఆయన భార్యా ఆ సంగతి కావాలనే నా దగ్గర దాచారు. పాలసీ ఇప్పించమని నన్ను ఒత్తిడి చేశారు." కింద సంతకం: సుమన రాజన్న.

"గా సహి నీదేనా, కాదా? అంతే అడుగుతున్న."

సంతకం ఆమెదే. మరాఠీ అక్షరాల నెత్తిన గీసే గీత చివరికొచ్చేసరికి కిందికి వంగిపోతుంది. బళ్ళో మాస్టారు బెత్తంతో కొట్టినా పోని వంకర అది.

"నాదే," అంది సుమన. "కాని నేను ఇది రాయలే అక్కా. దేవుని మీద ఒట్టు, రాయలే."

"సహి నీది, మాట నీది కాదు. అట్ల ఉంటదా?"

ఉంటుంది. ఈ ఇంట్లో ఉంటుంది. కానీ అది అక్కకు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలో సుమనకు తోచలేదు.

బ్యాంకు మేనేజరు తన పేరు మీద బీమా ఏజెన్సీ తీసుకోకూడదు కాబట్టి నందకిషోర్ భార్య పేరు మీద తీసుకున్నాడు. అందరూ చేసే పనే, ఎవరూ దాన్ని తప్పనుకోలేదు. అప్పు కోసం వచ్చినవాడు పాలసీ తీసుకుని పోయేవాడు. ఆదివారం పొద్దున ఫారాల కట్ట భోజనాల బల్ల మీదికి వచ్చేది. నందకిషోర్ పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా సుమన సంతకం చేసేది. ఒక చెవి కుక్కర్ మీద, ఒక కన్ను కట్ట మీద. నింపిన ఫారాలుండేవి, ఖాళీవి ఉండేవి. ఖాళీవే ఎక్కువ. "తర్వాత నేను నింపుకుంట," అనేవాడు.

కొత్త కంపెనీలో ఆఫీసరు భార్య ఏజెంటుగా ఉండకూడదన్నారు. ఉన్న ఏజెన్సీ పోగొట్టుకోవడం నందకిషోర్‌కు చేతకాదు. ఇక్కడ ఆడపిల్ల పేరు పక్కన పెళ్ళిదాకా తండ్రి పేరుంటుంది, పెళ్ళయ్యాక మొగుడి పేరొస్తుంది. భార్య పాత బడి కాగితాలు బయటికి తీసి, సుమన రాజన్న అని తండ్రి పేరుతో కొత్త ఏజెన్సీ రాయించాడు. ఇంటి పేరూ పుట్టింటిదే. కంపెనీకి ఇచ్చిన కాగితంలో మాత్రం తన కుటుంబంలో ఏజెంట్లెవరూ లేరని రాసిచ్చాడు.

ఆ సుమన రాజన్న నాలుగేళ్ళలో జిల్లాకే మొదటి ఏజెంటయింది. సన్మానాల రోజున ఎప్పుడూ ఒంట్లో బాగుండేది కాదు ఆమెకు. షీల్డులు పార్శిల్లో వచ్చి మంచం కింద ట్రంకుపెట్టెలో పడేవి. ఇంట్లో ఇద్దరు సుమనలున్నట్టు, ఒకామె ఎప్పుడూ మంచం కిందే ఉన్నట్టు అనిపించేది సుమనకు.

ఆ లెక్కలేనన్ని పాలసీల్లో ఆమె తన నోటితో మాట్లాడి రాయించింది ఒక్కటే. బావ మారోతిది.

"యాదికున్నదా?" అంది రుక్మాబాయి. "మార్చి నెల. నువ్వే ఫోన్ చేసినవు. 'బావా, నేను కూడ ఒక్క పాలసీ సొంతంగ చెయ్యాలె, నువ్వే బోణీ చెయ్యాలె' అన్నవు. గా ముసలాయన పొంగిపోయిండు. మరదలు అడిగిందని అంగి ఇస్త్రీ చేయించుకొని అచ్చిండు."

"యాదికున్నది."

"సంచిల ఏం తెచ్చిండు?"

సుమన ప్రాచి వైపు చూసింది.

"చెప్పు. నా బిడ్డ ముంగట చెప్పు."

"హైదరాబాద్ దవాఖాన కాయితాలు."

"విన్నవా?" అంది రుక్మాబాయి కూతురితో. మళ్ళీ చెల్లెలి వైపు తిరిగింది. "అడగకుండనే తెచ్చిండు. 'ఆపరేషన్ అయింది గదా, రాయాలె కావచ్చు' అని బల్ల మీద పెట్టిండు. మరిది ఏమన్నడు?"

నందకిషోర్ నవ్వాడు అప్పుడు. "అన్నా, గవన్ని సంచిలనే ఉండనియ్యి. రాస్తే నెల రోజులు తిప్పుతరు. మార్చి అయిపోతది, టార్గెట్ పోతది," అన్నాడు. మారోతి మరదలి వైపు చూశాడు. సుమన తలూపింది. ఆ తలూపు చూశాకే బావ సంతకం పెట్టాడు.

"పైసలు రాకపోతే రాకపాయె," అంది రుక్మాబాయి. "చేనున్నది, కష్టం చేసుకుంటం. కాని ఆయన్ని మోసగాడని రాసిన్రు సుమనా. మార్కెట్ల మిరపకాయ బస్తా తూకంల అరకిలో ఎక్కువ అచ్చిందని ఎనుకకు పోయి ఇచ్చచ్చిన మనిషిని. రాసింది ఎవరో అయితే మన్ను పోసి ఊకుందును. నువ్వు రాసినవు."

సుమన అక్క కాళ్ళ దగ్గర కూలబడింది. రుక్మాబాయి కాళ్ళు పక్కకు జరుపుకుంది.

*

ఒంటిగంటకు నందకిషోర్ వచ్చాడు. మెట్టు మీద వదినను చూసి ఒక్క క్షణం ఆగాడు. వెంటనే ముఖానికి నవ్వు తెచ్చుకున్నాడు. కౌంటరు ముందు నిలబడినవాళ్ళ కోసం ఇరవై రెండేళ్ళుగా వాడుతున్న నవ్వు.

"బాగున్నవా వదినా? లోపలికి రాకపోయినవు?"

రుక్మాబాయి తల తిప్పుకుంది. అతను చెప్పులు విడిచి లోపలికి నడిచి, వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"ఎందుకు రానిచ్చినవు?"

"నా అక్క."

"నాలుగింటికి సాహెబ్ అస్తున్నడు. నీకు చెప్పిన్నా లేదా?"

"చెప్పిన్రు."

"మరి? వెనుక అర్రలకన్న తీసుకపో."

"గడప దాటత లేదు."

"అయితే ఆటో పిలుస్త. సక్కగ స్టేషన్ల ఎక్కించి రా."

సుమన జిరాక్సు తీసి గ్యాసు పొయ్యి పక్కన పెట్టింది. "ఇది నేను ఎప్పుడు రాసిన?"

నందకిషోర్ కాగితం వైపు చూశాడు. ఉలిక్కిపడతాడనుకుంది సుమన. కనీసం బుకాయిస్తాడనుకుంది. అతను గ్లాసెడు నీళ్ళు వంచుకుని తాగాడు.

"నువ్వు రాయలే. సహి చేసినవు."

"ఖాళీ కాయితం మీద."

"ఎప్పుడన్న నిండిన కాయితం మీద చేసినవా? అప్పుడు అడగలే. ఈ ఇల్లు కట్టినప్పుడు అడగలే. చేతులకు గాజులు అచ్చినప్పుడు అడగలే. ఇయ్యాల ఏం అడుగుతున్నవు?"

ఆ మాటలో అబద్ధం లేదు. సుమన చేతి గాజుల వైపు చూసుకుని, చేతులు కొంగులో దాచుకుంది.

"జెర దిమాగ్ పెట్టి విను," అని గొంతు తగ్గించాడు. "రోగం సంగతి ఏజెంటుకు ముందే తెలుసంటే కంపెనీ పైసలు కట్టాలె. తెల్వదంటే అక్కెర లేదు. తెలుసంటే ఏమైతది? గా ఏజెంటు ఎవరు, పిలువున్రి అంటరు. సుమన రాజన్న ఎవరు? నా పెండ్లాం. అయిపాయె. పుణె కాదు, నాందేడ్ కుర్చీ కూడ పోతది."

"బావ పేరు పోయింది గదా."

"ఆయనే పోయిండు, ఇగ పేరేంది?"

ఆ మాట అన్నాక తనకే బాగనిపించలేదేమో, బల్ల మీది నీటి చుక్కను వేలితో తుడిచాడు. "చూడు. పుణె పోయినంక వదినకు నేనే ఇస్త. నా జేబులకెల్లి. కంపెనీ ఇచ్చేదానికంటె ఎక్కువనే ఇస్త."

"ఆమె పైసలకు రాలే."

"అందరు పైసలకే అస్తరు. నా అంత చూసినవా నువ్వు?"

"నాకు చెప్పకుండ నా పేరు మీద గట్ల ఎట్ల రాసిన్రు?" సుమన గొంతు పైకి లేచింది. "ఆయన భార్య కూడ దాచిందని రాసిన్రు. అక్కను కూడ కలిపిన్రు. ఆయన ఒక్కడు సాలలేదా?"

"మెల్లగ!" తలుపు వైపు చూశాడు. "మెల్లగ మాట్లాడు. మిల్లు బందైనప్పుడు మా బాపు ఆరు నెలలు గోడ దిక్కు మొఖం పెట్టి కూసున్నడు. నీకు తెల్వదు, నువ్వు అప్పటికి రాలే. అవ్వ బీడీలు చుట్టి మమ్ములను సాదింది. నేను గట్ల కూసోను సుమనా. ఎవరి కోసం కూసోను. నా అన్న కోసం కూసోను, నీ బావ కోసం కూసోను."

ఇరవై రెండేళ్ళలో అతను ఈ సంగతి ఎన్నడూ చెప్పలేదు. సుమనకు జాలేసింది. ఆ జాలి మీద ఆమెకే కోపం వచ్చింది.

"సాహెబ్ పోయేదాక," అన్నాడు. "ఒక్క గంట. గంటసేపు నోరు తెరువకు. ఆ తర్వాత నువ్వు ఏమంటే అది."

సుమన తలూపలేదు. తలూపిందనుకుని అతను స్నానానికి పోయాడు.

*

నందకిషోర్ పిలిచిన ఆటోను రుక్మాబాయి తిప్పి పంపింది. సాహెబ్ నాలుగింటికి ఐదు నిమిషాల ముందే వచ్చాడు. తెల్ల జుట్టు, మెత్తటి మాట, మెళ్ళో గురుద్వారా దగ్గర కొన్న కాషాయం రుమాలు. కారు దిగగానే మెట్టు మీది మనుషుల్ని చూసి ఆగాడు.

"ఎవరు వీళ్ళు?" అని మరాఠీలో అడిగాడు.

నందకిషోర్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "క్లెయిమ్ పార్టీ సాహెబ్. ధర్మాబాద్ నుంచి. ఆఫీసుకు రమ్మంటే ఇంటికే వచ్చారు."

తలుపు వెనకాల నిలబడ్డ సుమన ఆ మాట విని అక్క వైపు చూసింది. అక్కకు మరాఠీ ఎవరూ చెప్పక్కర్లేదు. ధర్మాబాద్ బజార్లో పుట్టి పెరిగినవాళ్ళకు రెండు భాషలూ ఒక్క నోట్లోనే ఉంటాయి.

శంకర్రావు వంగి మర్యాదగానే అడిగాడు. "బాయీ, ఇంటి దగ్గర ఏం పని పడింది?"

రుక్మాబాయి తలెత్తింది. సాహెబ్‌ను చూడలేదు. అతని భుజం మీదుగా, తలుపు సందులో చెల్లెలి చీర అంచును చూసింది. సుమన బయటికి రాలేదు.

"ఏం లేదు సాహెబ్," అంది మరాఠీలో. "ఇల్లు పొరపాటు పడ్డాను."

లేచి చీర దులుపుకుంది. "పో బిడ్డా, ఆటో పిలువు," అంది ప్రాచితో. ఆ పిల్ల గేటు తీసుకుని మూలమలుపు వైపు నడిచింది. రుక్మాబాయి వరండా స్తంభం పట్టుకుని అటే చూస్తూ నిలబడింది.

నందకిషోర్ ఊపిరి తీసుకోవడం సుమనకు వినిపించింది.

సాహెబ్ సోఫాలో కూర్చుని, దొన్నెలో తెచ్చిన ప్రసాదం రెండు చేతులతో సుమనకు ఇచ్చాడు. "వహినీ, పుణె చూసుకోవడానికి ఎప్పుడొస్తున్నారు? ఇల్లు మీరే ఎంచుకోవాలి. నందకిషోర్‌కు పని తప్ప ఇంకేం కనిపించదు," అని నవ్వాడు. కొలీగు భార్యను వదినమ్మా అని పిలవడం అతని పద్ధతి. ఆ మర్యాద నిజమైనదే. అందుకే సుమన అతని ముఖంలోకి చూడలేకపోయింది.

ఆమె చాయ్ తేవడానికి లోపలికి పోయింది. ట్రే పట్టుకుని తిరిగి వచ్చేసరికి మాట మారింది.

"ఆవిడ మారోతి కేసు తాలూకేనా?" అంటున్నాడు శంకర్రావు. "ఫైలు చూశాను. పాపం, ఏజెంటును కూడా నిండా ముంచారు. సుమన రాజన్న. నాలుగేళ్ళుగా ఆ పేరు పై వరుసలో చూస్తున్నాను, మనిషిని ఒక్కసారి కూడా చూడలేదు. వచ్చాను కదా, పిలిపించు. ధైర్యం చెప్పి పోతాను."

"ఊళ్ళో లేదు సాహెబ్. తిరుపతి పోయింది."

సుమన ట్రే బల్ల మీద పెట్టింది. చాయ్ కొంచెం సాసర్లోకి ఒలికింది. తెరిచిన కిటికీలోంచి అక్క వీపు కనబడుతోంది. ఆ వీపు ఇంకో రెండు నిమిషాల్లో ఆటో ఎక్కుతుంది. ఎక్కిందంటే ఇక ఈ జన్మకు రుక్మాబాయికి పుట్టిల్లు లేదు, సుమనకు అక్క లేదు. బావ మోసగాడిగానే ఉండిపోతాడు. అలా ఉంచింది నందకిషోర్ ఒక్కడే కాదు, తానూ. గంటసేపు నోరు తెరవకుండా ఉంటే చాలు, అంతా అయిపోతుంది. నోరు తెరవకుండా ఉండడం తనకు బాగా వచ్చిన విద్యే.

"ఆమె తిరుపతి పోలేదు," అంది సుమన.

నందకిషోర్ చాయ్ కప్పు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు.

"ఇంట్లోనే ఉంది సాహెబ్. సుమన రాజన్న నేనే. రాజన్న మా నాన్న." ఆమె మరాఠీ తడబడలేదు. "బయట నిలబడ్డది క్లెయిమ్ పార్టీ కాదు. మా అక్క. మారోతి మా బావ. ఆయన ఆపరేషన్ కాగితాలు తెచ్చి ఈ బల్ల మీదే పెట్టాడు."

పక్కింటి టీవీలో ఏదో ప్రకటన వచ్చి పోయింది. శంకర్రావు మెళ్ళో రుమాలు తీసి, నెమ్మదిగా మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"నందకిషోర్?" అన్నాడు.

నందకిషోర్ కప్పు సాసర్లో పెట్టాడు.

శంకర్రావు బ్యాగు తెరిచి ఒక తెల్ల కాగితం, పెన్ను తీసి సుమన ముందు పెట్టాడు. అతని గొంతులో మెత్తదనం పోలేదు, కానీ అది ఇప్పుడు ఆఫీసు మెత్తదనం. "వహినీ, నోటితో చెప్పింది నేను వినలేదనుకోండి. మీకు తెలిసిందంతా మీ చేత్తో రాసివ్వండి. రాయకపోతే పాత కాగితమే నిలుస్తుంది. ఆలోచించుకునే రాయండి."

సుమన కుర్చీ లాక్కుని కూర్చుంది. అలవాటు చొప్పున ఆమె చెయ్యి ముందు కాగితం అడుగుకు, సంతకం చోటికి పోయింది. అక్కడ పెన్సిలు గుర్తేమీ లేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, పైనుంచి మొదలుపెట్టింది. "మారోతి మా బావ," అని రాసింది. ఆ మూడు మాటలు రాయడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

అప్పుడు నందకిషోర్ మాట్లాడాడు. తెలుగులో, సాహెబ్‌కు అర్థం కాని భాషలో. ముఖం మీద కౌంటరు నవ్వు తిరిగి తెచ్చుకుని, చక్కెర ఇంకొంచెం వేయమని అడిగినంత నింపాదిగా అన్నాడు.

"రాయి. మంచిగ రాయి. ఏ పాలసీ కాయితం మీద నా సహి లేదు సుమనా. నాలుగేండ్ల ఫారాలు, ఖాళీవి నిండినవి, అన్నిటి మీద నీ సహే. పేరు మార్చి ఏజెన్సీ తీసుకున్నది నువ్వు. నాకు తెల్వదని చెప్త. నా నోక్రీ పోతది, మహా అయితే. కేసైతే లోపలికి పోయేది నువ్వు."

సుమన పెన్ను ఆగిపోయింది.

ఇరవై రెండేళ్ళ మొగుడు. అతను ఆ మాట అప్పటికప్పుడు అనుకుని అన్నది కాదు. అంత వరసగా, అంత తేలిగ్గా వచ్చిందంటే ఎప్పుడో అనుకుని పెట్టుకున్న మాటే. ప్రతి ఆదివారం ఆ ఇంటూ గుర్తులు పెడుతున్నప్పుడే దాచిపెట్టుకున్న మాట. ఏడుపు రాలేదు ఆమెకు.

"ఏమంటున్నాడు?" అని శంకర్రావు అడిగాడు.

బయట ఆటో వచ్చి ఆగింది. "అమ్మా, దా," అని ప్రాచి పిలిచింది. మళ్ళీ పిలిచింది.

కాగితం మీద ఒక చెయ్యి పడింది. చేను పనికి కాయలు కాచిన చెయ్యి, గాజుల్లేని చెయ్యి. సుమన తలెత్తింది.

రుక్మాబాయి ఆయాసపడుతోంది. అరచెయ్యి కాగితం మీద నిండుగా పరిచి, సుమన రాసిన ఆ ఒక్క ముక్క కూడా కనబడకుండా కప్పేసింది.

"రాయకు," అంది. "ఆయన పోనే పోయిండు. నువ్వు లోపలికి పోకు చెల్లె."

"అక్కా, చెయ్యి తియ్యి."

"తియ్య. ఆయన ఎసొంటోడో నాకు తెలుసు. నీకు తెలుసు. సాలు."

"సాలదు," అంది సుమన. "ఆయన్ని మోసగాడని రాసిన్రని నువ్వే అన్నవు గదా."

రుక్మాబాయి చెయ్యి తీయలేదు. శంకర్రావు గడియారం చూసుకున్నాడు. నందకిషోర్ చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు.

పొద్దుటి నుంచి దాటనన్న గడప ఆమె ఎప్పుడు దాటి వచ్చిందో ఎవరూ చూడలేదు. ఆమెకూ తెలియదు. బయట మెట్టు మీద మూత తీయని నీళ్ళ చెంబు అలాగే ఉంది. సుమన ఎడమ చేత్తో అక్క చెయ్యి పట్టుకుంది. కుడి చేతిలో పెన్ను ఇంకా ఉంది.